డిలీట్ కొడితే తెర నలుపు, విండోస్ మాత్రం బాగానే వస్తోంది

శుభలేఖల_కొట్టు · గుణుపురం · శనివారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. గుణుపురంలో నాదొక చిన్న డీటీపీ కొట్టు. శుభలేఖలు, జెరాక్సు, ఒడిశా భూముల సైటు భూలేఖ్ నుంచి పట్టా ప్రింట్లు, ఇవే నా పని. తెలుగు కార్డులకి అను ఫాంట్లు, ఒడియా కార్డులకి ఆకృతి, రెండూ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి. అది మొరాయించిందంటే ఆ రోజు షట్టర్ దించుకోవడమే.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఆన్ చేశాక తెర మీద ఏమీ రాదు. కంపెనీ బొమ్మ కూడా రాదు. నిమిషం లోపు ఉన్నట్టుండి విండోస్ తెర ప్రత్యక్షమవుతుంది. అక్కణ్ణుంచి అంతా మామూలే, ఫొటోషాప్ కూడా నడుస్తోంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేద్దామని, బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) కోసం డిలీట్ కొట్టానా, ఇక అంతే. మానిటర్ "నో సిగ్నల్" అని నిద్రపోతుంది. ఒకసారి అరగంట కూర్చున్నాను, రాలేదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వచ్చింది.

ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్. పాత కంప్యూటర్లోంచి తీసి పెట్టిన 1 జీబీ గ్రాఫిక్స్ కార్డు. మానిటర్‌కి వీజీఏ తీగ. బజార్లో చూపిస్తే బోర్డు పోయింది, మార్చాలన్నారు. 500 అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. ఇచ్చి ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది.


నాగావళి_నీరు · రాయగడ · రాత్రి 10:05

ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టండి భాయినా. మన దగ్గర దుమ్ముకి సగం రోగాలకి అదే మందు.


పర్లాకిమిడి_మాస్టారు · పర్లాకిమిడి · రాత్రి 10:20

ర్యామ్ కాదండీ. ర్యామ్ పాడైతే ఫొటోషాప్ నడవదు. బోర్డు పోయిందన్న మాట కూడా నేను నమ్మను. పోయిన బోర్డు మీద విండోస్ ఎలా లేస్తుంది? ఆ అడ్వాన్సు సంగతి తరవాత చూద్దాం, ముందు బోర్డు మాత్రం మార్పించకండి.

నాలుగు విషయాలు చెప్పండి. వీజీఏ తీగ కార్డుకి పెట్టారా, బోర్డు వెనక ఉన్న రంధ్రానికి పెట్టారా? రెండో మానిటర్ గానీ టీవీ గానీ తగిలించి ఉందా? బయాస్ ఆఖరిసారి ఎప్పుడు కనిపించింది? ఆ తరవాత ఏం మార్చారు? ఈ నాలుగోదానికి అందరూ "ఏమీ మార్చలేదు" అంటారు. కాస్త ఆలోచించి చెప్పండి.

ఇంకో పరీక్ష. ఆన్ చేసి డిలీట్ కొట్టండి, తెర నల్లబడనివ్వండి. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి దీపం వెలిగి ఆరుతోందా చూడండి. తరవాత కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. కంప్యూటర్ మళ్లీ మొదలైతే బయాస్ లోపల బతికే ఉంది, మీకు కనబడటం లేదంతే. బతికి ఉండటం వేరు, కనబడటం వేరు.


బల్లార్షా_భాయ్ · బల్లార్‌పూర్ · రాత్రి 10:31

గంత లొల్లి ఎందుకన్నా. తీగ తీసి బోర్డుకున్న హెచ్‌డీఎంఐకి పెట్టు, బయాస్ గదే కనబడ్తది. మా కాడ గట్లనే అయింది.


పర్లాకిమిడి_మాస్టారు · రాత్రి 10:38

భాయ్, మీ దగ్గర కనబడిందంటే మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండుంటుంది. ఈయనది 9400ఎఫ్. చివర ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. బోర్డు వెనక వీజీఏ, హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఉంటాయి గానీ వాటిలోంచి ఏమీ రాదు. అలంకారానికున్నట్టే. ఈయనకి బొమ్మ వస్తే గిస్తే ఆ పాత కార్డులోంచే రావాలి.


బల్లార్షా_భాయ్ · రాత్రి 10:40

ఔ, గా ఎఫ్ సూడలే. మాఫ్ చెయ్యున్రి.


పాతపట్నం_కుర్రోడు · పాతపట్నం · రాత్రి 10:52

మాస్టారు రెండో తెర గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. మా ఇంట్లో కంప్యూటర్‌కి మానిటర్ కాక హాల్లో టీవీకి కూడా పొడుగు హెచ్‌డీఎంఐ తీగ లాగి ఉంటుంది. నెల రోజులు బయాస్ నల్లగా ఉందని తిట్టుకున్నాను. ఒకరోజు హాల్లోంచి మా బామ్మ కేకేసింది, టీవీలో ఏదో నీలం కాయితం వచ్చింది, సీరియల్ పోయిందని. ఎల్లి చూస్తే బయాస్ అక్కడుంది! బయాస్ చాలా సార్లు ఏదో ఒక్క తెరకే బొమ్మ పంపుతుంది. ఆ తెర ఆపేసి ఉన్నా సరే, తీగ తగిలి ఉంటే చాలు, దానికే పంపేస్తుంది. విండోస్ వచ్చాకనే రెండు తెరలూ. మీకూ అలాంటి తీగ ఏదైనా ఉంటే పీకేసి చూడండి.


శుభలేఖల_కొట్టు · ఆదివారం ఉదయం 7:15

రాత్రి కరెంటు పోయింది, అందుకే ఆలస్యం. టీవీ ఏదీ లేదు, ఒక్కటే మానిటర్. తీగ కార్డుకే ఉంది. మాస్టారు చెప్పినట్టు చేశాను. నల్ల తెర మీద నమ్‌లాక్ దీపం వెలుగుతోంది, ఆరుతోంది. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టగానే ఫ్యాన్ ఒకసారి ఊపిరి పీల్చినట్టై మళ్లీ మొదలైంది. అంటే బతికే ఉందన్నమాట, ప్రాణం లేచొచ్చింది.

ఇక నాలుగో ప్రశ్న. ఏమీ మార్చలేదనే రాద్దామనుకున్నాను. మా ఇంటావిడ పక్కనుండి "దసరాకి మీ మేనల్లుడొచ్చి రెండు గంటలు దాని ముందు కూర్చున్నాడు కదా" అని గుర్తుచేసింది. బరంపురంలో చదువుకుంటున్నాడు. "మావయ్యా, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోతాయి, నీ కొట్లో జనం ఆధార్లు, బ్యాంకు కాయితాలు ఉంటాయి, 11 వేసేస్తాను" అన్నాడు. వేశాడు కూడా, బాగానే ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. డిస్కుని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చడానికి ఎంబీఆర్2జీపీటీ అని ఒక కమాండ్ కొట్టాడట, బయాస్‌లో పీటీటీ (తాళాలు దాచే భద్రతా ఏర్పాటు, విండోస్ 11కి కావాలట) ఆన్ చేసి సీఎస్‌ఎం అనేది ఆపాడట. "ఆ రోజు నుంచే బయాస్ రాలేదు మావయ్యా, నువ్వు బయాస్‌లోకి వెళ్లవు కదా అని చెప్పలేదు" అన్నాడు.


నాగావళి_నీరు · ఉదయం 7:20

దొరికాడు దొంగ 😄


పర్లాకిమిడి_మాస్టారు · ఉదయం 8:05

కుర్రాణ్ణి తిట్టకండి. విండోస్ 11 విషయంలో చేసింది సరైన పనే. మధ్యలో ఉన్న ఒక మెలిక వాడికి తెలియదు. అది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది. ఇక్కడ చాలామందికి పనికొస్తుందని రాస్తున్నాను.

విండోస్ లేచాక తెర మీద బొమ్మ గీసేది విండోస్ డ్రైవరు. అంతకు ముందు, అంటే కంపెనీ బొమ్మ, బయాస్ తెర కనబడే సమయంలో విండోస్ లేదు, డ్రైవరు లేదు. అప్పుడు గీసేది గ్రాఫిక్స్ కార్డులోనే ఒక చిప్‌లో రాసి ఉన్న చిన్న ప్రోగ్రాము. ఈ ప్రోగ్రాముల్లో రెండు తరాలున్నాయి. పాత బయాస్ కాలం నాటిది ఒకటి. దాని స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి వచ్చాక రాసింది ఇంకొకటి, దాన్ని జీఓపీ అంటారు. 2012 ప్రాంతం నుంచి వచ్చిన కార్డుల్లో మెల్లమెల్లగా జీఓపీ చేరింది. అంతకుముందు వాటిల్లో లేదు. ఆ తరవాత కూడా చవక కార్డులు కొన్ని పాత చిప్పుల మీదే చేసి అమ్మారు, కాబట్టి కొన్న సంవత్సరాన్ని బట్టి చెప్పలేం.

మన బోర్డులన్నీ యూఈఎఫ్ఐవే. పాత కార్డు పెడితే దాని భాష బోర్డుకి అర్థం కావడానికి మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీయే సీఎస్‌ఎం. మన సరిహద్దులో వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తెలుగొక్కటే వచ్చిన ముసలాయన ఒడియా ఆఫీసులో కాయితం రాయించుకోవాలంటే పక్కన ఒకడుండాలి కదా? మీ మేనల్లుడు ఆ పక్కవాణ్ణి ఇంటికి పంపేశాడు. కార్డు మాట్లాడుతోంది, బోర్డు వింటోంది, ఒకరిది ఒకరికి తెలీదు. విండోస్ లేచి సొంత డ్రైవరు ఎక్కించుకునేదాకా తెర నల్లగానే ఉంటుంది.

సీఎస్‌ఎం ఎందుకు ఆపాడంటే, అది నడుస్తుంటే సెక్యూర్ బూట్ (కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన ప్రోగ్రాముల్నే రానిచ్చే కాపలా) ఆన్ కాదు. విండోస్ 11కి సెక్యూర్ బూట్ కావాలని యూట్యూబులో చూసి ఉంటాడు. నిజానికి మైక్రోసాఫ్ట్ రాసుకున్న నిబంధనలో ఉన్నది సెక్యూర్ బూట్ చెయ్యగలిగే యంత్రం అయి ఉండాలని. అది ఆన్ అయ్యే ఉండాలని లేదు. కొన్ని బోర్డులు తెలివైనవి. కార్డులో జీఓపీ లేదని కనిపెట్టి, సీఎస్‌ఎంని తామే మళ్లీ ఆన్ చేసి తెర మీద ఒక ముక్క రాస్తాయి. మీది అంత ఓపిక ఉన్నది కాదు.

ఇదంతా ఊహే కదా అనకుండా రుజువు చూసుకోండి. జీపీయూ-జెడ్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాము విండోస్‌లో తెరవండి. బయాస్ వెర్షన్ అని రాసిన వరసలో పక్కనే యూఈఎఫ్ఐ అని చిన్న పెట్టె ఉంటుంది. అందులో టిక్కు ఉంటే నేను తప్పు. ఖాళీగా ఉంటే నేను ఒప్పు.


శుభలేఖల_కొట్టు · ఉదయం 8:40

ఖాళీ.


జయపురం_జీపు · జయపూర్, కోరాపుట్ జిల్లా · ఉదయం 9:10

మాస్టారికి దండం. ఒక చిన్న చేర్పు. కొత్త కార్డున్నవాళ్లకి కూడా ఈ నలుపు రావచ్చు. డిస్‌ప్లేపోర్ట్ తీగతో, డిస్‌ప్లేపోర్ట్ 1.3 లేదా 1.4 రకం మానిటర్ పెట్టినప్పుడు, ఎన్విడియా మాక్స్‌వెల్, పాస్కల్ తరం కార్డుల్లో విండోస్ లేచేదాకా తెర ఖాళీగా ఉండే అవకాశం ఉందని ఆ కంపెనీయే చెప్పి ఫర్మ్‌వేర్ సరిచేసే టూల్ ఇచ్చింది. అలాంటివాళ్లు ముందు హెచ్‌డీఎంఐ తీగతో చూడండి. కనబడితే ఆ టూల్ సంగతి ఆలోచించండి. వీజీఏ వాడే ఈయనకి దీనితో పని లేదు.


నాగావళి_నీరు · ఉదయం 9:25

అయితే బోర్డు బయాస్ కొత్త వెర్షన్ ఫ్లాష్ చేసేస్తే పోదా? నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఫైలుంది.


పర్లాకిమిడి_మాస్టారు · ఉదయం 9:33

ఎవరి ఫైలు? ఏ బోర్డుకి? ఆయన బోర్డు మోడలే ఇంకా ఆయన చెప్పలేదు, మీ దగ్గర ఫైలు రెడీగా ఉంది! రాత్రి గుణుపురంలో కరెంటు పోయిందని ఆయనే రాశాడు. ఫ్లాష్ చేస్తుండగా పోతే అప్పుడు బజారాయన చెప్పినట్టు బోర్డు నిజంగానే పోతుంది. పైగా లోపం బోర్డులో లేదు, కార్డులో ఉంది. కార్డు చిప్ ఫ్లాష్ చెయ్యడం మాట కూడా ఎవరూ ఎత్తకండి. ఆ తరం కార్డులకి జీఓపీ ఉన్న ఫైలు కంపెనీ ఇచ్చి ఉంటేనే అది, లేకపోతే లేదు.


నాగావళి_నీరు · ఉదయం 9:36

సరే సరే, నోరు మూసుకున్నాను.


శుభలేఖల_కొట్టు · ఉదయం 9:50

మరి ఇప్పుడు సీఎస్‌ఎం ఆన్ చెయ్యాలంటే బయాస్‌లోకి వెళ్లాలి. బయాస్ కనబడాలంటే సీఎస్‌ఎం ఆన్ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టుంది నా పని. విండోస్ సెట్టింగ్స్‌లో రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ నుంచి యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ నొక్కి కూడా చూశాను. అటునుంచి వెళ్లినా అదే నలుపు.

మేనల్లుడు వీడియో చూసి, కింద బాణం మూడుసార్లు, ఎంటర్, కింద బాణం రెండుసార్లు అని చెప్తానంటున్నాడు, చీకట్లో కొట్టెయ్యమని.


పర్లాకిమిడి_మాస్టారు · ఉదయం 10:02

వద్దు. ఆ వీడియో మీ బోర్డుది కాదు. చీకట్లో దేని మీద ఎంటర్ కొట్టారో ఎవరికీ తెలీదు.

బయటపడటానికి రెండు దారులున్నాయి. జీఓపీ ఉన్న కార్డు ఎవరి దగ్గరైనా గంటసేపు అరువు తెచ్చి పెట్టుకోవడం ఒకటి. సీమాస్ (సెల్లు కరెంటుతో బయాస్ సెట్టింగులు గుర్తుంచుకునే చోటు) క్లియర్ చేసి బయాస్‌ని కొన్ననాటి సెట్టింగులకి తీసుకురావడం రెండోది. ఈ తరం బోర్డులు చాలావాటిలో కొన్నప్పుడు సీఎస్‌ఎం ఆన్‌లోనే ఉంటుంది, కాబట్టి రెండోది ఫలించే అవకాశం ఎక్కువ. ఖర్చు లేదు.

అయితే ముందు ఒక పని చెయ్యండి, దీన్ని దాటెయ్యకండి. విండోస్‌లో బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి, డిస్కుకి తాళం వేసేవి అవి. ఉంటే రికవరీ కీ, ఆ 48 అంకెలు, కాయితం మీద రాసి పెట్టుకోండి. సీమాస్ క్లియర్ చేస్తే పీటీటీ ఆగిపోతుంది. అప్పుడు డిస్కు తాళం ఆ అంకెలు అడుగుతుంది. చెప్పలేకపోతే శుభలేఖల ఫైళ్లన్నీ లోపలే ఉంటాయి, మీరు బయట ఉంటారు. పీటీటీ ఆగితే విండోస్ పిన్ కూడా పనిచెయ్యకపోవచ్చు, పిన్‌తో లోపలికి వెళ్లేవారైతే అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా చూసుకోండి.

తరవాత సంగతి తెలిసిందే. ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే చాలదు. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టండి, మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. ఇనుప కిటికీనో కేబినెట్ రేకునో ముట్టుకుని చెయ్యి పెట్టండి. రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్లు అంచున ఉన్న కొక్కెం నెడితే పైకి లేస్తుంది. పీకి లాగకండి. పది నిమిషాలాగి పెట్టండి. రాసిన వైపు పైకి.


పాతపట్నం_కుర్రోడు · ఉదయం 10:10

సెల్లు ఎలాగూ తీస్తారు కాబట్టి వోల్టేజి కూడా చూసెయ్యండి. కొత్తది 3 వోల్టులు ఉంటుంది. బాగా కిందకి పోయుంటే వాచీల కొట్లో కొత్తది కొనేయండి. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా సెట్టింగులు మర్చిపోతుంది, అన్నీ మళ్లీ పెట్టుకోవాలి.


శుభలేఖల_కొట్టు · మధ్యాహ్నం 1:20

వచ్చింది!!

మొదట ఎన్‌క్రిప్షన్ చూశాను, ఆఫ్‌లోనే ఉంది. పాస్‌వర్డ్ మాత్రం గుర్తులేదు, పిన్‌తోనే అలవాటు. ఇంటావిడ పాల లెక్కల డైరీలో రాసి ఉంది. సెల్లు మీటరుతో చూస్తే 2.4 చూపించింది, కొత్తది వేశాను. ఆన్ చెయ్యగానే ఫ్యాన్ తిరిగి, ఆగి, మళ్లీ తిరిగింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు, దసరా తరవాత మొదటిసారి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. సెట్టింగులు పోయాయి, ఎఫ్1 నొక్కు అని. ఇంత వికారంగా ఉన్న తెరని చూసి ఇంత సంతోషించింది ఎప్పుడూ లేదు.

ఎఫ్1 కొట్టగానే బయాస్ వచ్చింది. తేదీ ఎప్పటిదో చూపిస్తోంది, సరిచేశాను. బూట్ పేజీలో సీఎస్‌ఎం ఆన్ అనే ఉంది. విండోస్ కూడా లేచింది. మాస్టారు చెప్పినట్టే పిన్ పనిచెయ్యదంది, పాస్‌వర్డ్ కొట్టి వెళ్లాను.


జయపురం_జీపు · మధ్యాహ్నం 1:32

శుభం. మళ్లీ బయాస్‌లోకి వెళ్లి పీటీటీ ఆన్ చెయ్యండి, సీఎస్‌ఎం జోలికి పోకండి. తరవాత విండోస్‌లో పిన్ కొత్తగా పెట్టుకోండి. బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్ పైన ఉందో లేదో చూడండి. డిస్కు ఇప్పుడు జీపీటీ కాబట్టి లెగసీ (పాత పద్ధతి) ఒక్కటే పెడితే విండోస్ లేవదు, లెగసీ, యూఈఎఫ్ఐ రెండూ ఉండే ఆప్షనే ఉంచండి.


శుభలేఖల_కొట్టు · మధ్యాహ్నం 2:15

అలాగే చేశాను, పిన్ కూడా పెట్టాను. ఇప్పుడు ఇలా వదిలేస్తే పరవాలేదా, కార్డు మార్చాలా?


పర్లాకిమిడి_మాస్టారు · మధ్యాహ్నం 2:40

పరవాలేదు. సెక్యూర్ బూట్ లేదన్న లోటు ఒక్కటే. అది కావాలంటే మాత్రం జీఓపీ ఉన్న కార్డు రావాల్సిందే, అప్పుడు సీఎస్‌ఎం నిశ్చింతగా ఆపుకోవచ్చు. మీ కొట్లో పదిమంది ఆధార్లు తిరుగుతున్నాయి కాబట్టి ఎప్పటికైనా మార్చమనే నా సలహా, కానీ పెళ్లిళ్ల సీజన్ అయ్యాక. సెకండ్ హ్యాండ్ కొంటుంటే అమ్మేవాడి కంప్యూటర్లో జీపీయూ-జెడ్ తెరిపించి ఆ పెట్టెలో టిక్కు చూసి మరీ డబ్బులివ్వండి. కార్డు అట్టపెట్టె మీద ఏ సంవత్సరం రాసుందో పట్టించుకోకండి.


నాగావళి_నీరు · మధ్యాహ్నం 2:44

బోర్డుకిచ్చిన 500 మాటేటి?


శుభలేఖల_కొట్టు · సోమవారం రాత్రి 8:30

పొద్దున్న వెళ్లాను. బోర్డు ఇంకా విశాఖ నుంచి తెప్పించలేదట. కంప్యూటర్ ఎలా బాగయిందో చెప్పాను, ఆయన నమ్మలేదు. సెల్లు మార్చితే బయాస్ ఎలా వస్తుందన్నాడు. సెల్లు కాదు, సీఎస్‌ఎం అన్నాను. జీపీయూ-జెడ్‌లో టిక్కు లేని ఆ పెట్టెని ఫోన్లో ఫొటో తీసుకున్నాను, అది చూపించాను. కాసేపు చూసి, వెనక బెంచీ మీద వారం నుంచి పడున్న ఎవరిదో కేబినెట్ తెచ్చి "దీనిదీ ఇలాగే ఉంది, దీన్లోనూ పాత కార్డే" అన్నాడు. ఇద్దరం కూర్చుని సెల్లు తీసి చూశాం. అది కూడా వచ్చింది.

400 తిరిగిచ్చాడు. మిగతా 100 అన్నాడు గానీ అప్పటికి రెండు టీలు, పకోడీ ఆయనే తెప్పించాడు, నేను ఇంక అడగలేదు.